భూగర్భమున దాగిన గొట్టములు: వాని జాడ దీయు విద్య

మన పల్లెలలో ధాన్యమును పాతరలలో దాచుట మీలో పెద్దలు పలువురు చూచియే యుందురు. గోతి అడుగున గడ్డి పరచి, గింజలు పోసి, మీద మన్ను కప్పి మెత్తినపిమ్మట క్రొత్తవానికి అచ్చట ఏమియు కానరాదు. ఆ చోటు ఇంటి పెద్దకు తెలియును. ఆయన తన కుమారునకు చెప్పును. చెప్పుట మరచిననాడు గింజలు మన్నుపాలగును.

నేడు నేను ముచ్చటింపబోవునవియు ఒకవిధమైన పాతరలే. ఇనుప గొట్టములలో త్రాగునీరు, ఉక్కు గొట్టములలో గ్యాసు, పెట్రోలు, తీగలలో విద్యుత్తు, వెండ్రుకవలె సన్ననైన గాజు నారలలో మాటలు, వార్తలు మన కాళ్లక్రింద రాత్రింబవళ్లు ప్రవహించుచున్నవి. పైన నడచువానికి ఇవి కానరావు. వీనిని త్రవ్వకయే కనుగొను ఉపాయము మనుష్యునకు ఎట్లు చేకూరెనో, ఆ ఉపాయము ఎంతవరకు నమ్మదగినదో మీకు విన్నవింతును.

దాగినదానిని పైగుర్తులచే ఎరుగవలెనను కోరిక క్రొత్తది కాదు. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమును జలాన్వేషణమునకే వినియోగించెను. ఏ చెట్టు చెంత పుట్ట యున్నచో ఎంత లోతున నీరు పడునో అందు చెప్పబడినది. నిక్షేపములకై అంజనము వేయించినవారిని, నీటికై పంగలకొమ్మ చేతబట్టి పొలమున నడచినవారిని మన తాతలు ఎరుగుదురు. ఆ పద్ధతుల నిజానిజములను విచారించుటకు ఇది తావు కాదు. మన ప్రస్తుతాంశమైన విద్య విద్యుచ్ఛక్తి గుణములను ఆధారము చేసికొని పుట్టినది. అది ఎట్లు పనిచేయునో, ఎచ్చట పనిచేయదో పరీక్షించి తెలిసికొనవచ్చును.

ముందుగా ఈ గొట్టములు నేలలోనికి వచ్చిన కథ చెప్పవలెను. నీటి గొట్టములను పాతుట మిక్కిలి ప్రాచీనము. కాని ఒకే వీథి క్రింద పలువురు పలు వస్తువులను పాతుట 19వ శతాబ్దమున హెచ్చినది. 1812లో లండను నగరమునకు బొగ్గుగ్యాసు నిచ్చు కంపెనీకి రాజశాసనము లభించెను. 1857లో మన దేశమున కలకత్తా వీథులలో గ్యాసు దీపములు వెలిగెను. 1882లో ఎడిసను న్యూయార్కు నగరమునందలి పెర్ల్ వీథి విద్యుత్కేంద్రమునుండి తీగలను భూమిలోనే నడిపెను. ఆ నగరముననే 1888 మార్చిలో ఘోరమైన మంచుతుపాను వచ్చి, స్తంభములమీది తీగలు తెగి వీథులలో కూలెను. అప్పటినుండి తీగలను నేలక్రిందికి దించవలెనను పట్టుదల బలపడెను.

ఇట్లు మీదనున్న అపాయము క్రిందికి దిగినది. కంటికి కనబడు తీగను తప్పుకొని పోవచ్చును. కనబడని తీగను తప్పుకొనుట ఎట్లు? నీటివారు త్రవ్వినచోట గ్యాసు గొట్టము తగులుటయు, గ్యాసువారు త్రవ్వినచోట తంతి తీగ తెగుటయు తటస్థించుచుండెను. పటములు వ్రాసి ఉంచికొన్నవారును కలరు. అయితే వీథి వెడల్పు చేసినప్పుడు, ఆనవాలుగా పెట్టుకొన్న గోడ కూలినప్పుడు, ఆ పటములు చూచి ప్రయోజనము లేకపోయెను.

ఈ చిక్కును విప్పు సూత్రము అంతకుముందే దొరికియుండెను. 1820లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచి నుంచినప్పుడు దాని ముల్లు ప్రక్కకు తిరుగుటను గమనించెను. ముంజేతి చుట్టును గాజులున్నట్లు, ప్రవాహము గల తీగ చుట్టును అయస్కాంత వలయములు ఏర్పడుచున్నవని దీనివలన తేలెను. 1831లో ఆంగ్లేయుడైన మైకేల్ ఫారడే దీనికి జోడైన మరియొక సత్యమును నిరూపించెను. మారుచుండు అయస్కాంతశక్తి దాపుననున్న మరియొక తీగచుట్టలో, దానిని తాకకయే, విద్యుత్తును పుట్టించును. నడుమ మన్ను ఉన్నను, రాయి ఉన్నను ఈ శక్తి చాలవరకు చొచ్చుకొని వచ్చును. 1876లో టెలిఫోను పుట్టగా, అట్లు కలిగిన మిక్కిలి స్వల్పమైన విద్యుత్తును చెవికి వినిపించు సాధనము కూడ చేకూరెను. సూత్రము, తీగచుట్ట, చెవిగొట్టము మూడును సమకూడినవి. వీనిని కలిపి దాగిన లోహమును వెదకిన తొలి ప్రఖ్యాత ప్రయత్నము గొట్టముకొరకు జరుగలేదు. ఒక మనుష్యుని ప్రాణముకొరకు జరిగినది.

1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ వాషింగ్టను రైలు స్టేషనులో తుపాకి దెబ్బ తినెను. ఒక గుండు దేహములో చిక్కుకొనెను. అప్పటికి ఎక్సురే కిరణములు తెలియవు. వైద్యులు గుండుకొరకు గాయమును మరల మరల కెలకుచుండిరి. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ అంతట ఒక యంత్రమును సిద్ధపరచెను. రెండు తీగచుట్టలను, ఒకదాని శక్తి రెండవదానిలో ధ్వని పుట్టింపకుండునట్లు, తక్కెడ ముల్లు నిలిపినట్లు సమతూకముగా అమర్చెను. లోహము సమీపించినచో ఆ సమతూకము చెడి చెవిగొట్టములో ధ్వని పుట్టును. పూర్వపు యుద్ధములో గుండ్లు దేహమున చిక్కిన సైనికులమీద పరీక్షింపగా యంత్రము చక్కగా పనిచేసెను.

కాని అధ్యక్షుని పడకచెంత అది తడబడెను. జూలై 26వ తేదీన, ఆగస్టు 1వ తేదీన రెండు మారులు వెదకినను గుండు చోటు తేలలేదు. దీనికి కారణములు పిమ్మట వెల్లడియైనవి. రోగి పరుపు క్రింద ఉక్కు తీగల అల్లిక ఉండెను. యంత్రము ఆ ఉక్కునకు కూడ పలుకుచుండెను. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి. గుండు దేహపు కుడివైపున ఉన్నదని ప్రధాన వైద్యుడు ముందే నిశ్చయించుకొని, ఆ వైపుననే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19వ తేదీన గార్‌ఫీల్డ్ మరణించెను. శవపరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమవైపున, లోతుగా కానవచ్చెను.

ఈ కథను ఇంత విపులముగా చెప్పుటకు హేతువు కలదు. పొరుగుననున్న లోహము యంత్రమును మోసపుచ్చుట, ముందే మనస్సున నిశ్చయించుకొన్నచోట మాత్రమే వెదకుట, ఈ రెండు లోపములును 1881లో ఎట్లుండెనో నేడును అట్లే వెంటాడుచున్నవి. యంత్రములు ఎంత మెరుగైనను ఈ రెండును తొలగిపోలేదు.

తరువాతి ప్రకరణము గెర్హార్డ్ ఫిషర్ అను ఇంజనీరునకు చెందినది. ఇతడు జర్మనీలో పుట్టి అమెరికాకు వలస వెళ్లినవాడు. విమానములు రేడియో తరంగములను బట్టి దారి తెలిసికొను యంత్రములపై ఇతడు పనిచేయుచుండెను. కొన్ని తావులలో, లోహపు వస్తువులు గాని ఖనిజములు గల నేల గాని అడ్డువచ్చినప్పుడు, ఆ యంత్రము చూపు దిక్కు తప్పుచుండెను. దారి చూపువానికి అది లోపమే. ఫిషరు ఆలోచన వేరుగా సాగెను: లోహమువలన తరంగము దారి తప్పుచున్నచో, తప్పినచోట లోహమున్నదని గ్రహింపరాదా? 1931లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, కారు నిలుపు కొట్టములో అతడు చిన్న కర్మాగారము స్థాపించెను. రెండు చెక్క పెట్టెలు, వానిలో రేడియో వాల్వులు, బ్యాటరీలు, తీగచుట్టలు. ఒక పెట్టె తరంగమును పంపును, రెండవది వినును. రెండింటిని నడుమ ఎడముంచి, నేల మీదుగా మోసికొని పోవుచుండగా, క్రింద లోహమున్నచోట ధ్వని మారును. దీనికి మెటలోస్కోపు అని పేరిడి, 1937లో పేటెంటు పొందెను. గ్యాసు, నీరు, టెలిఫోను కంపెనీలవారు తాము పాతి మరచిన గొట్టములను, తీగలను వెదకికొనుటకు ఈ పెట్టెలను చేపట్టిరి. మోయుటకు బరువైనను, గునపముతో వీథినంత త్రవ్వుటకన్న ఎంతో మేలు.

రెండవ ప్రపంచయుద్ధము ఈ విద్యను మరియొక దారిని నడిపెను. పోలండు దేశపు సైనికాధికారి యూసెఫ్ కొసాట్స్కి, స్కాట్లండులో తలదాచుకొన్న దినములలో, ఒక మనుష్యుడు చేత పట్టుకొని నడువగల మందుపాతరశోధక యంత్రమును రూపొందించెను. దానిపై పేటెంటు కోరక బ్రిటిషు సైన్యమునకు ఉచితముగా నిచ్చెను. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీను యుద్ధమున ఇట్టివి 500 వినియోగమునకు వచ్చెను. 1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడినపిదప బరువైన వాల్వుల అవసరము క్రమముగా తగ్గి, ఈ సాధనములన్నియు చేతికర్రవలె తేలికయైనవి.

ఇప్పుడు పైపు లొకేటరని పిలువబడు సాధనము ఎట్లు పనిచేయునో చెప్పెదను. ఇందు రెండు భాగములు కలవు. మొదటిది పంపుపెట్టె. దాని తీగను గొట్టము పైకి కనబడుచోట, అనగా కుళాయికో వాల్వునకో తగిలించి, రెండవ తీగను నేలలో నాటిన ఇనుప మేకునకు కట్టుదురు. పెట్టె గొట్టము వెంట సన్నని విద్యుత్తును నడుపును. రెండవది వినుకర్ర. దాని లోపల తీగచుట్టలు ఉండును. పనివాడు దానిని చేతబట్టి నేల మీదుగా అటునిటు నడచును. చుట్ట నిలువుగా, గొట్టము పోవు దిక్కునకు అనుగుణముగా నున్నప్పుడు, సరిగా గొట్టము మీదికి వచ్చినచోట ధ్వని మిక్కిలి హెచ్చును. చుట్టను పళ్లెమువలె పడుకోబెట్టినప్పుడు దీనికి విరుద్ధముగా, సరిగా గొట్టము మీద ధ్వని అణగిపోయి రెండు ప్రక్కలను వినబడును. హెచ్చిన చోటును అణగిన చోటును ఒకటే అయినచో సాక్షులిద్దరును ఒకే మాట చెప్పినట్లు. రెండు చోట్లు వేరైనచో ప్రక్కన మరియొక లోహపు గొట్టమో తీగయో ఉండి వలయములను వంకరపరచుచున్నదని గ్రహింపవలెను.

లోతును తెలిసికొను ఉపాయము సొంపైనది. చుట్టను సగము వాల్చి, అనగా 45 డిగ్రీలు వంచి పట్టుకొని, గొట్టమునుండి ప్రక్కకు జరుగుచు పోవుదురు. ఒకచోట ధ్వని అణగిపోవును. గొట్టము మీది చోటునుండి అచ్చటికి ఎంత దూరమో గొట్టము అంత లోతున ఉండును. ఎండ 45 డిగ్రీల వాలున నున్న వేళ తాటిచెట్టు నీడను కొలిచి చెట్టు ఎత్తు చెప్పుట వంటిదే ఈ లెక్క. ఇప్పటి సాధనములలో ఒకదానిపై నొకటిగా రెండు చుట్టలు అమర్చి, వానిలోని శక్తుల నిష్పత్తిని బట్టి యంత్రమే లోతును అంకెలలో చూపును.

పంపుపెట్టె లేకుండగనే కొన్నిటిని వినవచ్చును. విద్యుత్తు నడచు కేబులు తనంతట తానే సెకనుకు 50 మారులు ఊగుచు గుంయిమనును. మరియొక వింత కలదు. సముద్రములో మునిగి తిరుగు నౌకలకు వార్తలు పంపుటకు నౌకాదళములవారు మిక్కిలి పొడవైన రేడియో తరంగములను ప్రసరింపజేయుదురు. ఆ తరంగములు నేలలోనికి కూడ కొంత చొచ్చి, పొడవైన లోహపు గొట్టములను పట్టుకొని పాకును. లొకేటరు ఆ స్వల్పధ్వనిని విని గొట్టము జాడ తీయును. ఇట్టి ప్రసారకేంద్రము మన దేశమున తిరునల్వేలి చెంత ఒకటి కలదు. రెండవదానికి తెలంగాణములో వికారాబాదు జిల్లా దామగుండమున 2024 అక్టోబరు 15వ తేదీన శంకుస్థాపన జరిగినది. జలాంతర్గామికి పంపిన సందేశము వీథిలో గొట్టము వెదకువానికి దారి చూపుట విధివిలాసమే.

అయితే ఈ సాధనమునకు గొట్టము కానరాదని మనము మరువరాదు. అది వినునది గొట్టము వెంట నడచు విద్యుత్తును మాత్రమే. విద్యుత్తు నడువనిచోట అది మూగ. ప్లాస్టికు గొట్టము, సిమెంటు గొట్టము, లోహము లేని గాజు నారల కేబులు దీనికి లేనట్లే లెక్క. అందుచేత తెలివిగలవారు ప్లాస్టికు గొట్టము పాతునప్పుడే దాని వెంట ఒక రాగి తీగను కూడ పరచుదురు. పాతినవాడు ఆ తీగ పరుపనిచో, లోపల ఖాళీయున్న గొట్టములోనికి చిన్న పంపుపెట్టెను త్రోసి, దానిని పైనుండి వినవలసివచ్చును. రెండవ చిక్కు గార్‌ఫీల్డ్ పరుపు వంటిది. రెండు గొట్టములు ప్రక్కప్రక్కన నున్నప్పుడు, ఒకదానిలోనికి పంపిన విద్యుత్తు రెండవదానిలోనికి ప్రాకును. అనుభవము లేనివాడు నీటి గొట్టము వెంట బయలుదేరి గ్యాసు గొట్టము మీద తేలును.

రాడారు అను మరియొక ఉపాయము కలదు. రేడియో తరంగమును నేలలోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి లోపల నేమున్నదో ఊహింతురు. 1929లో స్టెర్న్ అను శాస్త్రజ్ఞుడు ఆస్ట్రియాలో హిమానీనదపు మంచు లోతును రేడియో తరంగములచే కొలిచెను. 1970 తరువాత ఈ పద్ధతి గొట్టముల వెదకులాటకు విరివిగా వచ్చినది. ప్లాస్టికు గొట్టమును కూడ ఇది చూపగలదు. కాని తడిసిన బంకమన్ను ఈ తరంగములను మ్రింగివేయును. ఇసుక నేలలో చక్కగా చూపు రాడారు మన నల్లరేగడిలో, వానలు పడినపిమ్మట, పెక్కుమారులు మూడు అడుగుల లోతును కూడ సరిగా చూపజాలదు.

ఈ విద్య తెలియకపోయినను, తెలిసి నిర్లక్ష్యము చేసినను ఏమగునో రెండు ఉదాహరణములు చెప్పెదను. 1994లో అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున బెల్లింగ్‌హాం పట్టణములో నీటి శుద్ధి కేంద్రపు పనులు జరుగుచుండగా, త్రవ్వు యంత్రము ఒక పెట్రోలు గొట్టమును గీరినది. గొట్టము పగులలేదు. ఎవరును ఆ మాట పైకి చెప్పలేదు. మన్ను కప్పబడెను. తరువాత గొట్టము లోపల జరిగిన పరీక్షలలో ఆ చోట లోపపు జాడ కానవచ్చినను త్రవ్వి చూడలేదు. ఐదేండ్లు గడచినవి. 1999 జూన్ 10వ తేదీన గొట్టములో ఒత్తిడి పెరిగి ఆ చోటనే చీలినది. 2 లక్షల గ్యాలనులకు మించిన పెట్రోలు వాగులోనికి పారి అంటుకొనెను. పదేండ్ల బాలురిద్దరు, చేపలు పట్టుచున్న పదునెనిమిదేండ్ల యువకుడొకడు మరణించిరి.

2004 జూలై 30వ తేదీన బెల్జియములోని గిలెన్‌గియెన్ అనుచోట గ్యాసు గొట్టము పేలి 24 మంది ప్రాణములు పోయినవి. వారిలో మంటలార్ప వచ్చినవారును కలరు. అచ్చటను అంతకుముందు జరిగిన నిర్మాణపు పనులలో గొట్టపు గోడ గీరుకుపోయి పలుచబడియుండెను. రెండు తావులను ప్రాణములు తీసినది గొట్టమునకు తగిలిన దెబ్బయే; ఆ దెబ్బను దాచిన మౌనము దానికి తోడయ్యెను. దెబ్బ తగిలిననాడే ఎవరైన నోరు విప్పియున్నచో, ఒక పూట పని నిలిచిపోయెడిది. అంతకుమించి నష్టము లేదు.

ఇట్టి అనుభవములనుండి కొన్ని ఏర్పాట్లు పుట్టినవి. అమెరికాలో 2007నుండి దేశమంతటికి 811 అను ఒకే టెలిఫోను సంఖ్య కలదు. త్రవ్వబోవువాడు ముందు ఆ సంఖ్యకు తెలిపినచో, గొట్టముల యజమానులు వచ్చి లొకేటరుతో వెదకి, నేలపై రంగులతో గుర్తులు వేయుదురు. మన దేశమున 2023 మార్చి 22వ తేదీన ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అను ఏర్పాటు సెల్‌ఫోనులలో ఆరంభమైనది. త్రవ్వుటకు ముందు తెలుపుడని దాని భావము. విచక్షణ లేని త్రవ్వకములవలన కేబుళ్లు తెగి దేశమునకు ఏటేట సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టము కలుగుచున్నదని ప్రభుత్వము ఆ సందర్భమున ప్రకటించెను.

పల్లెవారికి దీనితో పనియేమని మీరు శంకింపవచ్చును. తెలంగాణములో 2016 ఆగస్టు 7వ తేదీన కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము క్రింద, ఊరూర నీరు చేర్చుటకు లక్ష కిలోమీటర్లకు మించిన గొట్టములు భూమిలో పరచబడినవి. ఊరిలోపల ఇంటింటికి పోవు సన్నగొట్టములు పెక్కు ప్లాస్టికువే. గోదావరి, కృష్ణా సీమలలో గ్యాసు గొట్టములు వరిపొలముల క్రిందనే పోవుచున్నవి. పెట్రోలు, గ్యాసు గొట్టములకై 1962లో ఒక చట్టమేర్పడినది. దాని ప్రకారము భూమి రైతుదే, సేద్యమును సాగించుకొనవచ్చును. కాని ఆ గొట్టము పోవు పట్టీలో ఇల్లు కట్టరాదు, బావి గాని చెరువు గాని త్రవ్వరాదు, చెట్లు నాటరాదు. తండ్రికి తెలిసిన ఈ నియమము కొడుకునకు తెలియకున్నచో, బోరు వేయించునాడో గట్టు చదును చేయించునాడో ప్రమాదము తటస్థించును.

పట్టణములలో లొకేటరు మోసికొని వచ్చువారు దొరకుదురు. పల్లెలో జేసీబీ గంటలో వచ్చును, లొకేటరు రాదు. కావున ఇచ్చట మొదటి సాధనము పెద్దల జ్ఞాపకమే. ఏ యేట గొట్టము వేసిరో, ఏ గట్టు ప్రక్కనుండి పోయెనో, ఏ మలుపున లోతు తగ్గించి పాతిరో మీలో చూచినవారు ఉందురు. ఆ సంగతిని నోటిమాటగా విడువక పంచాయతి పుస్తకమున వ్రాయింపుడు. ఆనవాలుగా కదిలిపోవు కంచెను, కొట్టివేయబడు చెట్టును పెట్టుకొనకుడు. గుడి ధ్వజస్తంభమునుండి ఎన్ని అడుగులు, పాఠశాల ఈశాన్యపు మూలనుండి ఎన్ని అడుగులు అని రెండు నిలుకడయైన చోట్లనుండి కొలిచి వ్రాయింపుడు. క్రొత్తగా గొట్టము పాతువారు వచ్చినప్పుడు మన్ను కప్పకముందే కొలతలు తీయింపుడు. ప్లాస్టికు గొట్టమైనచో వెంట తీగ పరచిరో లేదో అడుగుడు. గొట్టము సమీపమున త్రవ్వవలసివచ్చినచో, యంత్రమును దూరముగా నిలిపి, తుదిభాగమును పారతో మెల్లగా తీయింపుడు.

అన్నిటికన్న ముఖ్యముగా, కూలివాని గునపము ఎన్నడైన గొట్టమునకు తగిలినచో అతనిని గద్దింపకుడు. గద్దించినచో అతడు మన్ను కప్పివేసి ఇంటికి పోవును. మీరు శాంతముగా ఆ మాట విని, ఆ దినముననే గొట్టపు యజమానులకు తెలియజేసినచో, బెల్లింగ్‌హాములో ఐదేండ్లు నేలలో దాగియున్న అపాయము మీ ఊరి నేలలో దాగియుండదు.